ఆకలిగొన్న బిడ్డయే జంగమము

దాసోహమనగా అన్నము పెట్టుట మాత్రమే కాదు. పెట్టువాడు 'నేను పెట్టితిని' అను తలపును విడిచి, పుచ్చుకొనువానికి దాసుడై నిలుచుటయే దాసోహము. చెప్పుటకిది సులభము. ఇష్టలింగమునకు భక్తితో నైవేద్యమర్పించి, గుమ్మమున నిలిచిన బిడ్డను కసరుకొను గృహములు లేకపోలేదు!

కర్ణాటకమున తుమకూరు చెంత సిద్ధగంగా మఠము కలదు. బెంగళూరు సెంట్రల్ కళాశాలలో చదివిన యువకుడొకడు 1930లో అచట సన్న్యాసదీక్ష గైకొని శివకుమారస్వామి యయ్యెను. 1941లో మఠభారమంతయు వారిపై బడెను. స్వాములవారు జోలె పట్టి పల్లెపల్లెకు నడచి భిక్షమెత్తిరి. ఆ ధాన్యము పీఠవైభవమునకు గాక బిడ్డల కడుపులకు చేరెను. కులమేదని, మతమేదని అడుగకయే పేదపిల్లలను చేర్చుకొనిరి. ఉచితముగా అన్నము, ఆశ్రయము, అక్షరము నొసగిరి. ఈ మూడింటిలో ఏ యొక్కటి కొరవడినను తక్కినవి నిలువవు. ఆకలితో నున్నవానికి పాఠమెక్కదు, అన్నము పెట్టి చదువు చెప్పనిచో వాడు రేపు మరల చేయి చాపవలసినదే. వారి చరమకాలమునాటికి అచట సుమారు 10,000 మంది బాలురు పంక్తిభోజనము చేయుచుండిరి. రాగిముద్ద, సాంబారు, పిదప పుస్తకము. బసవేశ్వరులు బోధించిన కాయకమునకు విరామకాలము లేదు గదా. నూరేండ్లు దాటియు స్వాములవారు బిడ్డల ప్రార్థనలో కూర్చుండిరి.

2019 జనవరి 21న, 111 ఏండ్ల వయస్సున, మధ్యాహ్నమునకు కొంచెము ముందుగా వారు లింగైక్యము చెందిరి. అది బిడ్డల భోజనవేళ. వారందరు తిని లేచిన పిమ్మటనే ఆ వార్త వెల్లడింపబడెను. అట్లు చేయవలెనని ముందే ఆనతిచ్చినది స్వాములవారే.