కన్నీరు దౌర్బల్యమా?

నవ్వే ఆడదానిని, ఏడ్చే మగవానిని నమ్మరాదని మనలో నొక సామెత కలదు. సామెతలయందు పెద్దల అనుభవసారము నిలిచియుండునందురు. అది నిజమే; కాని పెద్దల పొరపాటులును అందే నిలిచియుండును. ఈ సామెతలోని మొదటి భాగమును మనము నేడు పైకైనను నిరసించుచున్నాము. రెండవ భాగమును మాత్రము ఐదారేండ్ల బాలురపై ఇంటింట నిత్యమును ప్రయోగించుచున్నాము. మోకాలు దోకుకొని వచ్చిన పిల్లవానితో "మగపిల్లవాడివి, ఏడుస్తావేమిరా?" అనని తండ్రి అరుదు. సుకుమారమైన హృదయము బాలునియందు లోపమా, గుణమా? ఈ ప్రశ్నను విచారింపవలెనని నాకు తోచుటకు ఒక చిన్న సంగతి కారణమైనది.

కొంతకాలము క్రిందట ఆరేండ్ల మా మనుమనితో కూర్చుండి నేనొక బొమ్మల చలనచిత్రమును చూచితిని. దాని పేరు 'ది లాండ్ బిఫోర్ టైమ్'. డాన్ బ్లూత్ దర్శకత్వమున తయారై, 1988 నవంబరులో అమెరికాలో విడుదలైన ఈ చిత్రము నిడివి డెబ్బది నిమిషములైనను లేదు. స్టీవెన్ స్పీల్‌బర్గు, జార్జి లూకాసు దాని నిర్మాణమునకు అండగా నిలిచిరి. 2016 వరకు దానికి కొనసాగింపుగా పదుమూడు చిత్రములు వెలువడినవి. కథలోని పాత్రలలో పెక్కు రాక్షసబల్లులే. లిటిల్‌ఫుట్ అనువాడు పొడుగుమెడ జాతికి చెందిన పసివాడు. కరవువలన ఆకు అలమునకు మొగమువాచిన మందలన్నియు పచ్చని మహాలోయను వెదకికొనుచు పోవుచుండగా, వాడిపంటి క్రూరజంతువొకటి పిల్లలపై బడును. తల్లి దానితో పోరాడి బిడ్డను కాపాడును. ఆ గాయములతోనే వర్షములో నేలకొరిగి ప్రాణము విడుచును.

ఆ ఘట్టము వచ్చునప్పటికి మా వాడు వెక్కి వెక్కి ఏడ్చుచున్నాడు. నేను అలవాటు చొప్పున, "ఊరుకోరా, అది బొమ్మే కదా! మగపిల్లవాడివి, ఏడవకూడదు" అంటిని. వాడు కన్నులు తుడుచుకొనకయే, "బొమ్మని నాకూ తెలుసు తాతయ్యా. కానీ వాడికి అమ్మ లేదుగా!" అనెను. నాకు మారుమాట తోచలేదు. దీర్ఘముగా ఆలోచించి చూడగా మా యిద్దరిలో తప్పు పలికినవాడను నేనే యని తేలినది. వాడు బొమ్మను బొమ్మయని యెరిగియే, అందున్న దుఃఖమును దుఃఖమని గుర్తించెను. నేను మాత్రము బొమ్మయను నెపమున దుఃఖమునుండి మొగము త్రిప్పుకొంటిని.

చిత్రములో అటుపిమ్మట వచ్చిన దృశ్యము నన్ను మరింత సిగ్గుపరచినది. తల్లిని గోల్పోయిన లిటిల్‌ఫుట్ త్రోవలో నొక ముసలి జంతువునకు తగులుకొనును. ఆ వృద్ధుడు మొదట విసుగుకొనియు, పసివాని స్థితి కనుగొని మెత్తబడును. వాడు తల్లిని నిందించును, తన్ను నిందించుకొనును. తుదకు కడుపులో నొప్పిగా నున్నదని చెప్పుకొనును. దుఃఖమునకు వేరొక పేరు తెలియని బిడ్డ దానిని కడుపునొప్పి యనుట ఎంత సహజము! ముసలివాడు ఏడువవద్దని చెప్పడు. తప్పు ఎవ్వరిదియు గాదనియు, నొప్పి కాలక్రమమున తగ్గుననియు, తల్లి నేర్పినది మరువకున్నంత కాలము ఆమె యెడబాయదనియు మాత్రము చెప్పును. ఒక నిమిషము క్రిందట నేను నా మనుమనితో నన్న మాటకును, ఆ ముసలివాడు పరాయి బిడ్డతో పలికిన మాటకును గల వ్యత్యాసమును చదువరులే యెంచుకొందురు గాక.

ఇక ఇదే కథలో సేరా యను మరియొక పిల్ల కలదు. ముక్కొమ్ముల జాతి ఆమెది. తమవారు పొడుగుమెడవారితో ఆడరాదని తండ్రి ఆమెకు నేర్పియుండెను. ఇట్టి మాట మన యూళ్లలో విననివారెవరు? భూకంపమున ఆమెయు తనవారినుండి విడిపోయినది. లిటిల్‌ఫుట్‌కు ఎంత భయమో ఆమెకును అంతే భయము. కాని ఆమె దానిని ఒప్పుకొనదు. గద్దించును, గొప్పలు చెప్పును, తన త్రోవయే సరియైన త్రోవయని ఇతరులను అపాయమునకు గొనిపోవును. తప్పు బయటపడిన పిదప క్షమింపుమనుటకు నోరురాక, తోడివారిని విడిచి ఒంటరిగా పోయి ఏడ్చును. ఆమెకు హృదయము లేదని కాదు. హృదయము కలదని ఇతరులకు తెలియరాదని ఆమె నేర్చినది. సుకుమారత లేనివాడు ధీరుడనెడి వాదమునకు ఇంతకంటె మంచి సమాధానము లేదు. ఏడ్వనేర్చినవాడు నలుగురిని నడిపించెను. ఏడ్పును దాచుకొన్నది నలుగురినుండి పారిపోయెను. ఐనను ఆ యేడ్పే ఆమెను మార్చినదని నా నమ్మకము. ఏడ్చిన తరువాతనే ఆమె తిరిగివచ్చి, తుదిపోరాటమున తోడివారికి తన బలమును అరువిచ్చినది.

ఇచ్చట నొక ఆక్షేపణ పుట్టవచ్చును. పసివారి మెత్తదనమును అట్లే పెరుగనిచ్చినచో వారు లోకమునకు కొరగానివారగుదురు గదా యని కొందరందురు. ఈ మాట కొట్టివేయదగినది కాదు. చిత్రములోనే యొక చోట లిటిల్‌ఫుట్ బండపై బడిన తన నీడనే చూచి తల్లియని భ్రమించి పరుగెత్తును. దగ్గరకు పోయినకొలది నీడ చిన్నదగును. తుదకు వానికి దొరకునది చల్లని రాయి. శోకమునకే కట్టుబడిన మనస్సు నీడలవెంట పరుగెత్తుననుట నిజమే. ఐనను వానిని ఆ నీడనుండి మరలించినది మందలింపు కాదని గమనింపవలెను. తోడి పిల్లల యాకలియు, చలియు, ప్రయాణమును వానిని మరలించినవి. రాత్రి చలికి తాళలేక ఆ పిల్లలొకరి వెనుక నొకరు వాని ప్రక్కకు చేరుదురు. కలహించిన సేరాయు తుదకు అచ్చటికే వచ్చును. తన నొప్పిలోనే కూరుకొనిపోవు సుకుమారత వేరు. తన నొప్పినిబట్టి ఇతరుల నొప్పిని తెలిసికొను సుకుమారత వేరు. మొదటిదానిని రెండవదానిగా మార్చుటయే విద్య. అసలు దానినే పెరికివేసితిమేని రెండవది మొలచుటకు నేల యెక్కడిది?

ఇదంతయు కల్పన, నిజమైన రాక్షసబల్లులు ఇట్టివి కావని మరియొకరు నవ్వవచ్చును. నిజమే. కథలోని వాడిపంటి జంతువు పుట్టుటకు ఇంచుమించు ఎనిమిది కోట్ల సంవత్సరములకు ముందే లిటిల్‌ఫుట్ జాతి నశించినది. చిత్రము చూచిన పిదప మా మనుమడు పట్టుపట్టగా వానిని హైదరాబాదులోని బిర్లా విజ్ఞానకేంద్రమునకు గొనిపోయితిని. అచ్చట మన తెలంగాణములోని యామనపల్లి ప్రాంతమున దొరకిన రాక్షసబల్లి యస్థిపంజరము నిలిపియున్నది. అదియు లిటిల్‌ఫుట్‌కు దూరపు చుట్టమే. యాదగిరి యను శాస్త్రజ్ఞుడు దానికి కోటసారస్ అని పేరుపెట్టినది కూడ 1988లోనే. ఎముకలు ఎత్తును చెప్పును, నడకను చెప్పును. ఆ ప్రాణి తల్లికై ఏడ్చెనో లేదో చెప్పవు. కావున ఆ కన్నీరు బల్లులది కాదు, మనది. మన బిడ్డల కన్నీటినే చిత్రకారులు ఆ పెద్ద కన్నులలో నింపిరి. దానిని ఎట్లు చూడవలెనన్నది మన యింటి ప్రశ్నయే.

ఈ ప్రశ్న యెంత బరువైనదో చెప్పుటకు ఒక యథార్థవిషయమును ఉదాహరింపవలసియున్నది. ఆ చిత్రములో డకీ యను చిన్నపిల్ల కలదు. తానే త్రోవ తప్పియుండియు, మాటరాని మరియొక అనాథను గ్రుడ్డునుండి బయటికి రప్పించి, పేరుపెట్టి, వెంటబెట్టుకొని పోవును. నేస్తుడు మరణించెనని తలచి కన్నీరు కార్చును. ఆ పాత్రకు కంఠము నొసగిన జూడిత్ బార్సి యను బాలిక 1988 జూలైలో, చిత్రము విడుదలగుటకు నాలుగు నెలలు ముందు, లాస్ ఏంజిల్సులో తన యింటనే, తల్లితో కూడ తండ్రిచేత చంపబడెను. అప్పటికామె వయస్సు పదేండ్లు. అంతకు కొంతకాలము ముందే ఆ బిడ్డ తనకు నటనావకాశములు కుదుర్చు నామె యెదుట నిలువలేక ఏడ్చినది. మనస్తత్వవేత్త ఆమెను పరీక్షించి, శిశుసంరక్షణాధికారులకు తెలియజేయుటయు జరిగినది. తల్లి భర్తనుండి విడిపోవుటకు సన్నాహము చేయుచున్నానని చెప్పగా విచారణ నిలిచిపోయెను. వేలకొలది ప్రేక్షకులు డకీ కన్నీటికి కరగిరి. ఆ కంఠము గల బిడ్డ కన్నీటికి కలుగవలసిన రక్షణ కలుగలేదు.

బిడ్డ యేడ్పు ఒక సాక్ష్యము. ఒకప్పుడది విరిగిన బొమ్మను గూర్చిన సాక్ష్యము, ఒకప్పుడు విరుగుచున్న ప్రాణమును గూర్చిన సాక్ష్యము. విననిదే రెంటికిని భేదము తెలియదు. ఏడువరాదని శాసించినందువలన బాధ పోదు. బాధకు గల నోరు మాత్రము పోవును. ఆ శాసనమువలన బిడ్డ మూగయగుటయే గాక పెద్దలు చెవిటివారగుదురు. నేను అరువదియేండ్లు దాటిన పిదప నేర్చిన పాఠమిది. నా కుమారునికి నేను దీనిని నేర్పలేదు. వాని బాల్యమున ఎన్నిమారులు "మగపిల్లవాడివి" అంటినో లెక్కలేదు. వాడు నేడు తన కష్టము నాతో చెప్పుకొనడు. ఆ మౌనమును ధైర్యమని చాలకాలము మురిసితిని.

మొన్న మనుమడు బడినుండి ఏడ్చుచు వచ్చెను. సామెత నా నాలుక చివరకు వచ్చినది. దానిని మ్రింగి, ప్రక్కన కూర్చుండబెట్టుకొని, "ఎక్కడ నొప్పిరా?" అని యడిగితిని. వాడు కొంతసేపు ఆలోచించి కడుపు చూపెను. కారణము చిన్నదే, స్నేహితుడొకడు వానితో పలుకుట మానినాడట. వాడు చెప్పుచుండగా వాని తండ్రి వాకిట నిలిచి వినుచుండెను. లోనికి రమ్మని నేను వానినికూడ పిలిచితిని.