గొలుసు కరుణ అవుతుందా?



మతి చెదిరిన కొడుకును మంచానికి కట్టేసిన ఇల్లు మీరూ చూసే ఉంటారు. "కట్టకపోతే రోడ్డున పడతాడు, ఎవరో కొట్టి చంపుతారు" అంటుంది తల్లి. ఆమె భయం అబద్ధం కాదు. కూలికి పోతేగాని పొయ్యి వెలగని ఇంట్లో కాపలా ఎవరుంటారు? మరి ప్రేమతో వేసిన గొలుసు కరుణ అవుతుందా?

2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో మానసిక రోగులను ఉంచిన ఒక ఆశ్రమం తగలబడింది. గొలుసులతో కట్టి ఉంచడంతో పారిపోలేక 28 మంది చనిపోయారు. అలాంటి చోట మనుషుల్ని దింపి వచ్చేది శత్రువులు కాదు, అయినవాళ్లే. ఏ మనసుతో వేసినా, మంటలొచ్చినప్పుడు గొలుసు గొలుసే.

వినయ పిటకంలో గగ్గ అనే భిక్షువు ఉన్నాడు. ఆయనకు మతి చెదిరింది. ఉపోసథం ఒకసారి గుర్తుంటుంది, ఒకసారి ఉండదు. ఒకసారి వస్తాడు, ఒకసారి రాడు. బుద్ధుడు ఆయన్ని కట్టేయమనలేదు, వెళ్లగొట్టమనలేదు. సంఘాన్నే ఒక తీర్మానం చేసుకోమన్నాడు: గగ్గ వచ్చినా రాకున్నా ఉపోసథం చెల్లుతుంది. రోగి అలాగే ఉన్నాడు, సంఘం తన పద్ధతి మార్చుకుంది.

ఇవాళ పద్ధతి మార్చుకోవాల్సింది ప్రభుత్వం, దాంతోపాటు మనం. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసును ఏ రూపంలోనైనా నిషేధించింది. 18వ సెక్షన్ ప్రభుత్వ వైద్యాన్ని హక్కు చేసింది, దారిద్ర్యరేఖకు దిగువనున్న వారికి అది ఉచితం. 19వ సెక్షన్ అందరి మధ్య బతికే హక్కు ఇచ్చింది. సరే, మందు దగ్గర్లో దొరక్కపోతే ఆ తల్లి ఏం చేస్తుంది? ఎర్రగడ్డకో విశాఖకో పోవాలంటే కూలి పోతుంది, ఇద్దరికి బస్సు ఛార్జీలు కావాలి. ఒక నెల మందు తప్పితే జబ్బు తిరగబెడుతుంది, గొలుసు మళ్లీ బయటికొస్తుంది. వైద్యాన్ని జనం దగ్గరికి తేవడానికే 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలైంది. అది మీ మండలం దాకా వచ్చిందా?

అందుకే ఆ తల్లిని తిట్టకండి. ఆమెతో కలిసి పీహెచ్‌సీకి వెళ్లండి. నెలనెలా మందు ఇక్కడే ఇవ్వాలని, ఇంటికొచ్చి చూసే మనిషి కావాలని గ్రామసభలో అడగండి. సలహాకు 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. "ఎర్రగడ్డ కేసు" అనే వెక్కిరింత మన నోట రాకూడదు. విహారంలో ఆ కొడుక్కీ చాప వేయండి. మధ్యలో లేచిపోతే పోనీండి, మళ్లీ వచ్చినప్పుడు చోటుండాలి.

కరుణ గొలుసు విప్పమంటుంది. విప్పాక ఆ మనిషి ఎక్కడ, ఎలా బతకాలని అడిగేది సమత. రెండూ కలిస్తేనే ధమ్మం.

నమో బుద్ధాయ!