కాదనడానికి నాబోతు లేని చోట



అహాబు నాబోతు తోటను మొదటే లాక్కోలేదు. ఖరీదు ఇస్తానన్నాడు, కాదంటే ఇంతకంటే మంచి తోట ఇస్తానన్నాడు. నగరు పక్కనే ఉంది కాబట్టి కూరగాయలు వేసుకోవాలనుకున్నాడు, అంతే. నాబోతు కాదన్నాడు. తర్వాత జరిగింది మీకు తెలుసు. నా ప్రశ్న వేరు. కాదనడానికి అక్కడ నాబోతే లేకపోతే? అప్పుడు కూడా అది ఆశించడమే అవుతుందా?

చిలీ దేశంలో అటకామా ఎడారి సముద్రాన్ని తాకే చోట కోపియాపోవా అనే కాక్టస్‌లు ఉన్నాయి. సహజంగా మరెక్కడా పెరగవు. అక్కడ వాన దాదాపు లేదు. సముద్రం మీద నుంచి వచ్చే పొగమంచే వాటికి నీళ్ళు. అందుకే పెరుగుదల చాలా నెమ్మది. మీ కుండీలో పట్టే మొక్క వయసులో మీకంటే పెద్దది కావచ్చు. 2020లో ఇటలీ పోలీసులు ఒక్క సోదాలోనే వెయ్యికి పైగా కాక్టస్‌లు పట్టుకున్నారు. వాటిలో 840కి పైగా మరుసటి ఏడాది చిలీకి తిరిగి వెళ్ళాయి. కోపియాపోవా జాతుల్లో ముప్పులో ఉన్నవి 2013లో 55 శాతం. 2024లో ఐయూసీఎన్ చెప్పిన లెక్క 82 శాతం.

చిలీ మనకు దూరమే. కాలిఫోర్నియా దూరం కాదు కదా. అక్కడి సముద్రపు కొండచరియల మీద పెరిగే డడ్లియా కాక్టస్ కాకపోయినా, దాని కథా ఇదే. స్టేట్ పార్కుల నుంచి 3,700కు పైగా మొక్కలు తవ్వి దక్షిణ కొరియాకు పంపబోయిన వ్యక్తికి 2022 జనవరిలో ఫెడరల్ కోర్టు రెండేళ్ళ జైలు వేసింది.

తవ్వినవాడు దొంగ, సరే. కొన్నవారి సంగతేమిటి? గింజ నుంచి నర్సరీలో పెంచిన కోపియాపోవా పచ్చగా, నున్నగా ఉంటుంది. ఎడారిలో పెరిగింది బూడిదరంగుకు తిరిగి, మచ్చలు పడి ఉంటుంది. ఎక్కువ ధర ఆ మచ్చలకే! ఎండా, ఉప్పుగాలీ ఎన్నో ఏళ్ళు చేసిన పనిని, ఆ ఏళ్ళు మనం ఆగకుండా, ఒక్క క్లిక్‌తో ఇంటికి తెచ్చుకోవాలనుకుంటాం. నా వృత్తిలో వేగమే గొప్ప. ఇక్కడ ఆ లెక్క పనికిరాదు.

"అక్కడ దాన్ని చూసేదెవరు? నా దగ్గరుంటే బాగా చూసుకుంటాను" అంటారు కొందరు. అబద్ధమాడుతున్నారని అనను. నిజంగానే ప్రేమిస్తారు. కానీ యోబు గ్రంథం 38వ అధ్యాయం తీసి చూడండి. మనుషులే లేని ఎడారిలో వాన కురిపించేది ఎవరని దేవుడు యోబును నిలదీస్తాడు. మనం చూడని చోటు ఆయన చూడని చోటు కాదు. కాదనే నాబోతు లేకపోవచ్చు గానీ, ఆ తోట ఎవరిదీ కాకుండా పోలేదు.

మన ఇళ్ళలో కరివేపాకు ఉంటుంది చూడండి, చలికాలం గరాజ్‌లోకి మోసుకుపోయేది. దాని పిలక ఒకటి సంఘంలో ఇంకొకరికి ఇస్తే మీ మొక్కకు ఏమీ తగ్గదు. మొక్కలను ప్రేమించడానికి ఆ దారీ ఉంది. ఈసారి కాక్టస్ ఆర్డర్ చేసే ముందు అమ్మేవారిని ఒక్క మాట అడగండి: గింజ నుంచి పెంచారా, తవ్వి తెచ్చారా? జవాబు సూటిగా రాకపోతే కొనకండి. గింజ నుంచి వచ్చిందని తెలిస్తే, ఆ నున్నటి పిల్ల మొక్కనే తెచ్చుకుని కిటికీ దగ్గర పెట్టండి. మచ్చలు ఎప్పుడు పడతాయో పడనివ్వండి.