వీలునామా రాస్తే ఆయుష్షు తగ్గుతుందా?

సందేహం: మా నాన్నగారికి డెబ్బై నాలుగేళ్లు. ఆస్తి సంగతి కాగితం మీద పెట్టమందామంటే అమ్మ పడనివ్వడం లేదు. "మనిషి నిక్షేపంలా ఉండగా వీలునామా ఏమిటి, అశుభం! ఆయుష్షు తగ్గుతుంది" అంటోంది. తప్పదనుకుంటే దక్షిణాయనం వెళ్లాక రాయమని బంధువుల సలహా. శాస్త్రం ఏమంటోంది?
– ఒక పాఠకుడు, తెనాలి

సమాధానం: ఊళ్లు మారతాయి గానీ ఈ ప్రశ్న మారదు. వీలునామా రాస్తే ఆయుష్షు క్షీణిస్తుందని ఏ స్మృతీ చెప్పలేదు. ఇది ఇళ్లలో పుట్టిన భయం, శాస్త్రంలో పుట్టింది కాదు. బీమా పాలసీ మీద సంతకం పెట్టినప్పుడు అడ్డురాని అశుభం వీలునామా దగ్గరే ఎందుకు అడ్డొస్తుంది?

బృహదారణ్యక ఉపనిషత్తు తీయండి. గృహస్థాశ్రమం విడిచి వెళ్లబోతూ యాజ్ఞవల్క్యుడు భార్య మైత్రేయిని పిలిచి, నీకూ నీ సవతి కాత్యాయనికీ మధ్య పంపకం తేల్చేస్తానన్నాడు. ఆత్మవిద్య ఆ తర్వాత మొదలైంది. మనం ప్రవచనాల్లో ఆత్మవిద్య వింటాం, పంపకం సంగతి మరిచిపోతాం.

ఆ మహర్షి పేరనే ఉన్న స్మృతిలో పత్రాలు ఎలా రాయాలో ఉంది. రుణపత్రమైతే సంవత్సరం, మాసం, పక్షం, తిథి వేయాలి. అప్పు తీసుకున్నవాడు పైన రాసింది నాకు సమ్మతమేనని తన చేత్తో రాయాలి. సాక్షులు తండ్రి పేరు చెప్పుకుని, ఇందుకు నేను సాక్షినని స్వహస్తంతో రాయాలి. తిథి వేయమన్నది తేదీ కోసం, ముహూర్తం కోసం కాదు. 1925 నాటి భారత వారసత్వ చట్టం అడిగేదీ ఇంచుమించు అదే: రాసినవారి సంతకం, కనీసం ఇద్దరు సాక్షుల సంతకాలు. తెల్లకాగితం చాలు, స్టాంపు పేపరు అక్కర్లేదు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ చేయిస్తే మంచిది.

అసలు అశుభం ఏదో నేను చెబుతాను. స్పృహ ఉందో లేదో తెలియని తండ్రి బొటనవేలికి ఆసుపత్రి మంచం మీద సిరా పూయడం అశుభం. ధర్మోదకాల నాడే అన్నదమ్ములు దస్తావేజుల బీరువా తాళాల కోసం కలబడటం అశుభం. మనసు తేటగా ఉన్ననాడు రాయనందుకే ఇవన్నీ జరిగేది. దక్షిణాయనం దాటేదాకా ఆగమన్న బంధువులు ఆనాడు కోర్టు ఖర్చులు పెట్టుకోరు.

మీ అమ్మగారికి ఒక్క విషయం చెప్పండి. వీలునామా లేకుండా పోతే నాన్నగారి స్వార్జితం 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆమెకూ పిల్లలందరికీ సమానంగా పోతుంది. అంటే ఆమె ఉన్న ఇల్లే వాటాలవుతుంది. బతికినంతకాలం ఈ ఇంట్లో ఉండే హక్కు నా భార్యదని మొదటి వాక్యంగా రాయమనండి. ఆ భయం తీరితే ఆవిడే కలం అందిస్తారు.

మీరు అడగకపోయినా ఇంకో మాట. పెళ్లినాడు పసుపుకుంకుమ కింద ఇచ్చేశాం, ఆడపిల్ల లెక్క తీరిపోయిందనేవాళ్లు ఇంటింటా ఉన్నారు. తీరలేదు. 2005 సవరణ ఉమ్మడి ఆస్తిలో కూతురికీ కొడుకుతో సమానంగా పుట్టుకతో హక్కు ఇచ్చింది. పిత్రార్జితంలో నాన్నగారు తన వాటా వరకే వీలునామా రాయగలరు, మీకు అక్కచెల్లెళ్లుంటే వాళ్ల వాటా కాదు.

రాసేటప్పుడు మీరు పక్కన కూర్చోకండి బాబూ. లబ్ధి పొందే కొడుకు చెప్పి రాయించాడన్న అనుమానం రేపు కోర్టులో వీలునామానే తినేస్తుంది. సాక్షులుగా వయసులో చిన్నవాళ్లనూ, వాటాతో సంబంధం లేనివాళ్లనూ పిలవండి. నామినీగా నా పేరుందన్న ధీమా కూడా వద్దు. బీమా సొమ్ము నామినీ చేతికొచ్చినా అది వారసులదేనని 1983లోనే సుప్రీంకోర్టు తేల్చింది. తల్లిదండ్రులు, భార్య, పిల్లలు నామినీలైతే 2015 బీమా సవరణ మినహాయింపు ఇచ్చింది గానీ, అది బీమా సొమ్ము వరకే.

గుడికో, అన్నదానానికో నాన్నగారు మాట ఇచ్చి ఉంటే అదీ రాయమనండి. ధర్మకార్యానికి ఇస్తానని చెప్పి ఇవ్వకుండానే పోతే, కొడుకు చేత ఇప్పించాలని స్మృతికారుడు కాత్యాయనుడు స్పష్టంగా చెప్పాడు. నాన్నగారు ఎవరికి ఏం మాట ఇచ్చారో ఇప్పుడే అడిగి తెలుసుకోండి.