కొలత వేరు, తీర్పు వేరు

కొలరాడోకి పరిశోధన కోసం వచ్చిన రెండో చలికాలం, స్నోబోర్డు కొనుక్కుందామని దుకాణానికి వెళ్ళాను. ముప్పై దాటాక మంచు మీద జారడం నేర్చుకున్నదాన్ని. చదును చేసిన వాలు మీదా, కొత్తగా పడిన లోతు మంచులోనూ పనికొచ్చే ఆల్-మౌంటెన్ బోర్డు కావాలన్నాను. దుకాణంలో అబ్బాయి నన్ను ఎగాదిగా చూసి, "ఆడవాళ్ళవి ఆ గోడకున్నాయి. మెత్తగా ఉంటాయి, భయం ఉండదు" అన్నాడు. ఒళ్ళు మండింది. కొండకి ఆడా మగా తేడా ఉంటుందా? పంతం కొద్దీ ఎదురు గోడకున్న బోర్డొకటి రెండు రోజులకి అద్దెకు తీసుకున్నాను.

ఆ రెండు రోజులూ పడుతూ లేస్తూనే గడిచాయి. బోర్డు మలుపు తిరగాలంటే కాలివేళ్ళతోనో మడమతోనో నొక్కి దాన్ని అంచు మీదికి వాల్చాలి. పాదం చిన్నదై బోర్డు నడుము వెడల్పుగా ఉంటే ఆ ఒత్తిడి అంచుకి ఆలస్యంగా చేరుతుంది. ఆడవాళ్ళ బోర్డుల నడుము చాలావరకు 24 సెంటీమీటర్లకి అటూ ఇటూగా ఉంటుంది. మగవాళ్ళవి సాధారణంగా 25 పైనే. బోర్డు పొడవు, బిగువు కూడా ఎత్తు కన్నా బరువుని బట్టి ఎంచుకోవాలి. 50 కిలోల నా బరువుకి ఆ బోర్డు వంగనే లేదు.

'అందరిదీ' అనుకుని నేను తెచ్చుకున్నది మగవాడి పాదానికి కొలిచి చేసినది. హైదరాబాదు సిటీ బస్సుల్లో పైకడ్డీ అందక మునివేళ్ళ మీద వేలాడిన రోజుల్లో నేను పొట్టిదాన్నని సరిపెట్టుకున్నాను గానీ, ఆ కడ్డీ ఎత్తు ఎవరి చేతికి కొలిచారని అడగలేదు. సార్వజనీనత పేరిట సాహిత్యంలో చెలామణీ అయ్యే పురుష దృష్టి గురించి డాక్టరేటు చేసిన నేను, వస్తువు దగ్గరికొచ్చేసరికి ఆ మాటకే పడిపోయాను.

1990ల మధ్యలో షానన్ డన్, టీనా బాసిక్ వంటి క్రీడాకారిణుల పేర్లతో ఆడవాళ్ళ బోర్డులు వచ్చాయి. 1998లో నగానోలో స్నోబోర్డింగ్ తొలిసారి ఒలింపిక్స్‌లో చేరినప్పుడు డన్ హాఫ్‌పైప్‌లో కాంస్యం గెలిచింది. అలాంటివాళ్ళకి కావలసింది రాయితీ కాదు, తమకి సరిపోయే పనిముట్టు.

అయితే తేడాని ఒప్పుకోవడానికి మనం జంకడానికీ కారణముంది. మంచు మీది మరో ఆట స్కీ జంపింగ్‌నే చూడండి. మగవాళ్ళకి 1924 నుంచీ ఒలింపిక్ పోటీ. ఆ ఆట వైద్యపరంగా స్త్రీలకి తగినదిగా కనిపించదని 2005లో కూడా అంతర్జాతీయ స్కీ సమాఖ్య అధ్యక్షుడే అన్నాడు. స్త్రీలకి ఆ తలుపు తెరుచుకున్నది 2014లో. మన శరీరం వేరు అన్న ఒక్క వాక్యంతోనే తొంభై ఏళ్ళు బయట నిలబెట్టగలిగారు.

మరి నన్ను ఆ గోడ దగ్గరికి పంపిన మాటలో తప్పేమిటి? 'ఆడవాళ్ళ' అన్న మాటలో రెండు విషయాలు కలిసిపోయాయి. సన్నటి నడుము కొలత. అది నా పాదాన్ని చూసి చేసినది. మెత్తదనంలో కొంత కొలత, నా బరువుకి సంబంధించినది. మిగతాది తీర్పు. నేను వేగాన్ని కోరనని, భయపడతానని. మెత్తటి బోర్డు తేలిగ్గా వంగుతుంది గానీ వేగం పెరిగితే అదురుతుంది, గట్టిబడ్డ మంచు మీద పట్టు తప్పుతుంది. ఆడవాళ్ళ కొలతల్లోనే బిగువైన బోర్డులూ ఉన్నాయి. అతను అవి చూపించలేదు, నేను అడగలేదు.

ఇక కొలత కూడా అందరు ఆడవాళ్ళదీ ఒకటి కాదు. నా సహోద్యోగిని ఒకామె ఆరడుగుల మనిషి. ఆడవాళ్ళ బోర్డెక్కితే ఆమె బూటు మొనలు మంచుకి రాసుకుంటాయి. మగవాళ్ళ బోర్డే ఆమెకి సరి.

1993లో 'నీలిమేఘాలు' సంకలనం వచ్చినప్పుడు స్త్రీవాద కవిత్వమన్న పేరుని మనవాళ్ళే ఎంచుకుని ముందుకు తెచ్చారు. ఆ పేరు చూసి 'ఆడవాళ్ళ గొడవ'గా పక్కన పెట్టేయడం వేరేవాళ్ళ పని. పేరు అదే, పెట్టుకోవడం వేరు, పెట్టించుకోవడం వేరు.

మళ్ళీ దుకాణానికి వెళ్ళాను. నా బరువు, బూటు కొలత, దిగాలనుకున్న వాలు చెప్పి, ఆడవాళ్ళ వాటిలో అన్నిటికన్నా బిగువైనది చూపించమన్నాను. ఆ అబ్బాయి లోపలికెళ్ళి వెతికి తెచ్చాడు. గోడ మీద దానికి చోటు లేదట. ఎవరూ అడగరట.

చూపించకపోతే ఎవరు మాత్రం ఎలా అడుగుతారు?