దించిన బరువు ఎక్కడ పెట్టాలి?

అమెరికాలో మిషిగన్, మిన్నెసోటా లాంటి చలి రాష్ట్రాల్లో అక్టోబరు వచ్చిందంటే క్యాంపింగ్ కాలం ముగిసినట్టే. వేసవంతా సరస్సుల వెంట తిరిగిన ఇల్లంత ట్రైలర్ పెరట్లోనో, అద్దె స్థలంలోనో ఆగిపోతుంది. దాన్ని లాగిన పికప్ ట్రక్కుకి మాత్రం సెలవు లేదు. పొయ్యి కట్టెలు మోయాలి, ప్లైవుడ్ షీట్లు తేవాలి, పిల్లల సైకిళ్లు ఎక్కించాలి. అవన్నీ పెట్టాల్సిన తొట్టి నడిమధ్యన, ట్రైలర్‌ని తగిలించే హిచ్ తిష్ఠ వేసుకుని ఉంటుంది.

ట్రక్కు వెనక బంపరు దగ్గర కనిపించే బంతి కొక్కెం కాదిది. తొట్టిలో, వెనక ఇరుసుకి ఇంచుమించు పైన, ఛాసిస్‌కు బిగించిన పట్టాల మీద కూర్చునే ‘ఫిఫ్త్ వీల్’ హిచ్. ట్రైలర్ ముందు భాగం నుంచి కిందికి దిగే కింగ్‌పిన్‌ను దీని దవడలు పట్టుకుంటాయి. ట్రైలర్ బరువులో 15 నుంచి 25 శాతం దాకా ఆ పిన్ను మీదే పడుతుంది. 5,000 కిలోల ట్రైలరైతే అటూ ఇటూగా ఒక టన్ను. అంత భారం కాసే వస్తువు తేలిగ్గా ఎలా ఉంటుంది? అల్యూమినియంతో చేసిన తేలిక రకాలు ఉన్నా, ఉక్కు హిచ్‌లలో చాలావాటి బరువు 50 కిలోలకు తగ్గదు. పెద్దవైతే 100 పైమాటే. అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు సైతం ఒక మనిషి ఎత్తే బరువు 23 కిలోలు మించకూడదని అమెరికా వృత్తి ఆరోగ్య పరిశోధన సంస్థ నియోష్ 1991లో లెక్క కట్టింది.

అందుకే కొందరు దాని జోలికే పోరు. చలికాలమంతా హిచ్ తొట్టిలోనే తిరుగుతుంది. ట్రక్కు మోయగలిగే సామాను బరువులో దాని వంతు అది తినేస్తుంది. రోడ్ల మీద మంచు కరగడానికి చల్లిన ఉప్పు తొట్టిలోకి చేరితే తుప్పు మొదలవుతుంది. మరికొందరు ఒక్క సీజను చూసి విసిగి అమ్మేస్తారు, వసంతం రాగానే మళ్లీ కొంటారు. మోస్తూ ఉండటం, వదిలించుకోవడం అనే ఈ రెంటి మధ్య మూడో దారికి ధర్మంలో చోటుందా?

బుద్ధుడు చెప్పిన తెప్ప కథ చాలామందికి తెలిసిందే. మజ్ఝిమ నికాయంలోని 22వ సుత్తంలో ఉంది. భయం నిండిన ఒడ్డు నుంచి క్షేమమైన ఒడ్డుకి చేరడానికి ఒకడు గడ్డీ కొమ్మలూ కట్టి తెప్ప చేసుకుంటాడు. దాటాక, ఇంత మేలు చేసిన తెప్పను నెత్తిన పెట్టుకుని నడవాలా అన్నది ప్రశ్న. అక్కర్లేదని భిక్షువులే జవాబిస్తారు. బోధ కూడా దాటడానికే గాని పట్టుకు వేలాడటానికి కాదని బుద్ధుడు ముగిస్తాడు. కథ చెప్పేవాళ్లు తరచుగా దాటేసే వివరం ఒకటుంది: తెప్పను ఏం చేయాలన్నదానికి సుత్తం రెండు మార్గాలు చెబుతుంది. నీళ్లలో వదిలేయవచ్చు, లేదా ఒడ్డు మీదికి లాగి పెట్టవచ్చు. తప్పల్లా నెత్తిన మోయడమే.

ఒడ్డుకి లాగి పెట్టిన తెప్ప ఇంకొకరికి పనికొస్తుంది, లేదా తిరుగు ప్రయాణంలో తనకే. అది సన్యాసికి అక్కర్లేకపోవచ్చు. గృహస్థుకి మాత్రం ప్రతి ఏడాదీ నది దాటే పని ఉంటుంది.

అమెరికాలో ఈ చర్చ వస్తే రచయిత థోరో పేరు రాకుండా ఉండదు. 1854లో అచ్చయిన ‘వాల్డెన్’లో ఆయన తన బల్ల మీది మూడు సున్నపురాయి ముక్కల సంగతి రాశాడు. రోజూ వాటి దుమ్ము దులపాలని తెలిసేసరికి కిటికీలోంచి బయటికి విసిరేశాడు. నిరాడంబరతకు ఉదాహరణగా అందరూ దీన్నే చెబుతారు. అదే పుస్తకంలో, అదే అధ్యాయంలో గొడ్డలి కథ ఉంది. 1845 మార్చి చివర్లో కుటీరం కట్టడానికి ఒక గొడ్డలి అరువు తెచ్చుకున్నాడు. తిరిగి ఇచ్చేటప్పుడు తెచ్చిననాటి కంటే పదునుగా ఇచ్చానని చెప్పుకున్నాడు. రాళ్లకి పట్టిన గతి గొడ్డలికి పట్టలేదు. పని ఉన్న వస్తువుకి, పనిలేని వస్తువుకి ఆయన దగ్గర వేర్వేరు న్యాయం.

తెలుగువారికి ఈ మూడో దారి జమ్మిచెట్టు దగ్గర దొరుకుతుంది. అజ్ఞాతవాసానికి విరాట నగరం చేరిన పాండవులు ఆయుధాలతో ఊళ్లో అడుగు పెట్టలేరు. గాండీవం కనబడితే అర్జునుడు ఎవరో చిన్నపిల్లలకైనా తెలిసిపోతుంది. అలాగని పారేయలేరు, ఏడాది తర్వాత యుద్ధం తప్పదు. ముందు విండ్ల నారులు సడలించారు. నకులుడు చెట్టెక్కి, వాన తగలదనుకున్న కొమ్మల్లో వాటిని గట్టిగా కట్టాడు. ఎవరూ దగ్గరికి రాకుండా ఒక శవాన్ని కూడా కట్టారు. ఏడాది గడిచాక, బృహన్నల వేషంలోని అర్జునుడి మాట మీద విరాటుడి కొడుకు ఉత్తరుడు ఎక్కి దించేదాకా అవి అక్కడే ఉన్నాయి. తిక్కన తన భారతాన్ని మొదలుపెట్టింది ఈ విరాటపర్వంతోనే. దసరా నాడు తెలంగాణ పల్లెల్లో జమ్మి ఆకును బంగారమంటూ పంచుకునేటప్పుడు ఈ కథ చెప్పుకుంటారు. అమెరికాలో క్యాంపింగ్ ముగిసే రోజులూ, అక్కడి తెలుగు కుటుంబాలు గుడి ముందు కార్లు నిలిపి పూజ చేయించే రోజులూ ఇంచుమించు ఒకటే.

నారి సడలించడం, తడవని చోటు చూడటం. దాచడమంటే వస్తువుని కంటికి కనబడకుండా ఓ మూలకి తోసేయడం కాదని ఈ చిన్న పనులే చెబుతాయి. ఇంగ్లండు నుంచి 1774లో అమెరికా వచ్చిన షేకర్లనే క్రైస్తవ శాఖవాళ్లు దీన్నొక సాధనగా చేసుకున్నారు. సొంత ఆస్తి లేని బ్రహ్మచారుల సమాజం వాళ్లది. అయినా న్యూ హ్యాంప్‌షైర్‌లోని ఎన్‌ఫీల్డ్‌లో వాళ్లు కట్టుకున్న రాతి భవనంలో గోడల్లోనే అమర్చిన సొరుగులు 800 పైచిలుకు. గోడ పొడవునా కొయ్య మేకులు కొట్టి, ఊడ్చేటప్పుడు కుర్చీలు వాటికి తగిలించేవారు. ఆస్తి వద్దన్నవాళ్లే వస్తువు పెట్టే చోటు గురించి అంత ఆలోచించారు.

హిచ్ దించేవాడికీ ఈ శ్రద్ధే కావాలి. నాలుగు పిన్నులు లాగితే అది పట్టాల నుంచి విడిపోతుంది. తలా పీఠమూ విడివిడిగా వచ్చే రకమైతే బరువు రెండుగా చీలుతుంది. ఇంజన్లు ఎత్తే హాయిస్టు గొలుసుతో పైకి లేపి, ట్రక్కునే ముందుకి నడిపితే హిచ్ గాల్లో మిగులుతుంది. దాన్ని చక్రాల బల్ల మీదికి దించి గోడవారకి తోయవచ్చు. గ్యారేజీ పైకప్పుకి వేలాడదీయాలనిపిస్తుంది గాని, అక్కడి చెక్క ట్రస్సులు పైన పడే మంచు బరువుకి లెక్కగట్టినవి. కింద వేలాడే బరువు ఆ లెక్కలో ఉండకపోవచ్చు. పాత గ్రీజు తుడిచి, దుమ్ము పడకుండా కప్పి, పిన్నులూ క్లిప్పులూ దానికే కట్టి పెట్టాలి.

ఇదంతా మోహానికి మర్యాద తొడగడమేనని ఒక జైనుడు అనవచ్చు. ఉమాస్వాతి తత్త్వార్థ సూత్రంలో పరిగ్రహమంటే వస్తువు కాదు, దాని మీది మమకారం. ఆ కొలతకి గ్యారేజీ నిలబడుతుందా?

భారతమే ఈ అభ్యంతరాన్ని చివర్లో లేవనెత్తింది. రాజ్యం వదిలి మహాప్రస్థానానికి బయల్దేరిన అర్జునుడు అన్నీ విడిచాడు, గాండీవాన్ని తప్ప. దారికి అడ్డంగా అగ్నిదేవుడు నిలిచి, దాని పని అయిపోయింది, వరుణుడికి తిరిగిచ్చెయ్యి అన్నాక గాని నీళ్లలో విసరలేదు. అదే విల్లు. ముందు యుద్ధం ఉన్నప్పుడు దాచడం ధర్మం, యుద్ధమే లేనప్పుడు మోయడం మోహం. సుత్తం చెప్పిన రెండు మార్గాలూ ఆ ఒక్క విల్లుకే జరిగాయి.

ట్రైలర్ అమ్మేసినా హిచ్ ఉంచుకునే ఇళ్లు కొన్నుంటాయి. ముందుచూపు ఉన్నవాళ్లు దాన్ని అదే బేరంలో కలిపేస్తారు, కొనేవారి ట్రక్కు పట్టాలకి సరిపోతుందో లేదో చూసి మరీ. ఇక తొట్టిలో మిగిలేవి పట్టాలు. వాటిని విప్పాలంటే ట్రక్కు కింద వెల్లకిలా పడుకుని తుప్పు పట్టిన బోల్టులతో కుస్తీ పట్టాలి గనక, చాలామంది ఆ పనిని ట్రక్కు అమ్మే రోజుకి వాయిదా వేస్తారు.