ఇసక తాగిన బండి

మొన్న సంక్రాంతికి నరసరావుపేట వెళ్ళినప్పుడు మా అన్నయ్య కొడుకు ఒక ప్రశ్న అడిగాడు. ఇంజినీరింగ్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. ఫోన్లో ఎర్రటి గరాటు లాంటి ఎయిర్ ఫిల్టర్ బొమ్మ చూపించి, "బాబాయ్, ఇది పెడితే పవర్ పెరుగుద్దా?" అన్నాడు.

పెరుగుద్ది అనొచ్చు. పెరగదు అని కూడా అనొచ్చు. ఏ జవాబు చెప్పినా నిజమే అయ్యే ప్రశ్నలంటే నాకు కొంచెం భయం. ఎందుకో తర్వాత చెప్తాను. ముందు లెక్క చూద్దాం.

ఇంజన్ అంటే గాలి పీల్చి వదిలే పంపు. పెట్రోల్ ఇంకాస్త పొయ్యడం పెద్ద పని కాదు, దాన్ని కాల్చే గాలిని లోపలికి తేవడమే కష్టం. కిలో పెట్రోల్ పూర్తిగా కాలాలంటే దాదాపు 14.7 కిలోల గాలి కావాలి. 150 సీసీ బండి 8000 ఆర్‌పీఎమ్ మీద ఉందంటే, ఫోర్ స్ట్రోక్ కాబట్టి, నిమిషానికి 4000 సార్లు ఊపిరి తీస్తుంది. గుణిస్తే 600 లీటర్లు. సిలిండర్ ప్రతిసారీ నిండుగా నిండదు కనక ఐదొందలు అనుకుందాం. ఊరికే కూర్చున్న మనిషి నిమిషానికి పీల్చేది ఏడెనిమిది లీటర్లు. అంటే యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పిన ఒక్క కుర్రాడి బండి అరవై డెబ్భై మంది ఊపిరి పీలుస్తోంది. పండగ రోజుల్లో మాచర్ల పోయే ఆర్డినరీ బస్సు గుర్తు తెచ్చుకోండి. ఆ బస్సెడు జనం.

ఆ గాలి వచ్చే దారిలో ఫిల్టర్ ఒక అడ్డం. అడ్డం తగ్గిస్తే గాలి పెరుగుతుంది, గాలికి తగ్గ పెట్రోల్ ఇస్తే పవర్ పెరుగుతుంది. సిద్ధాంతంలో తప్పేం లేదు. చిక్కల్లా ఏంటంటే, మల్లమ్మ సెంటర్ ట్రాఫిక్‌లో నలభై మీద పోతున్నప్పుడు గాలికి అసలు అడ్డం ఫిల్టర్ కానే కాదు. థ్రాటిల్ ముప్పాతిక వంతు మూసి ఉంటుంది, మూసింది మన చెయ్యే. ఫిల్టర్ మార్చిన ఫలితం ఏమైనా ఉంటే అది హ్యాండిల్ పూర్తిగా తిప్పిన ఆ కాసేపే. మావాడిది బీఎస్ 6 బండి. మామూలు వేగాల్లో దాని ఆక్సిజన్ సెన్సార్ గాలినీ ఇంధనాన్నీ మళ్ళీ తన పాళ్ళకే తెచ్చుకుంటుంది.

ఇంకో లెక్క మనకి దగ్గరది. ఎండాకాలం పేపర్లో రెంటచింతల పేరు చూడని పల్నాడు వాడుండడు. గాలి వేడెక్కితే పల్చబడుతుంది. సంక్రాంతి తెల్లవారుజామున 18 డిగ్రీల్లో పీల్చిన గాలికీ, మే నెల మధ్యాహ్నం 45 డిగ్రీల్లో పీల్చిన గాలికీ సాంద్రతలో ఎనిమిది తొమ్మిది శాతం తేడా. రెంటచింతల ఎండ పట్టుకుపోయినంత పవర్‌ని ఏ ఎర్ర గరాటూ తెచ్చివ్వలేదు. పైగా డబ్బా పీకేసి ఫిల్టర్‌ని ఇంజన్ పక్కనే తగిలిస్తే అది పీల్చేది ఇంజన్ వేడికి కాగిన గాలిని.

మరి ఆ ఫిల్టర్ పెట్టిన ప్రతివాడూ "బండి మారిపోయింది రా" అంటాడే? మారేది చప్పుడు. ఎయిర్ బాక్స్ గాలి లోపలికి పోయే చప్పుడుని అణిచిపెట్టే సైలెన్సర్ కూడా. అది తీసేస్తే బండి గుర్రుమంటుంది. గుర్రుమంటే బలం వచ్చినట్టే ఉంటుంది. దీనికి నవ్వే హక్కు నాకు లేదు. పని ఏమీ తొందరగా జరగకపోయినా జరుగుతున్నట్టు కనపడే గీతలు స్క్రీన్ మీద గీసి జీతం తీసుకునేవాణ్ణి.

(పల్నాడు, పవర్ అనగానే కోడిపందెం, బ్రహ్మనాయుడు, నాగమ్మ అంటూ మొదలుపెట్టడం ఒక రోగం. నేను మొదలుపెట్టను.)

మా నాన్న ట్రాక్టర్‌కి ఆయిల్ బాత్ ఫిల్టర్ ఉండేది. గాలి లోపలికొచ్చి కింద గిన్నెలో ఉన్న ఆయిల్‌ని తాకి పైకి తిరుగుతుంది. ఆ మలుపులో దుమ్ము ఆయిల్‌కి అంటుకుని ఆగిపోతుంది. దుక్కుల రోజుల్లో ఆయన పొద్దున్నే కాఫీ కంటే ముందు ఆ గిన్నె విప్పి చూసేవాడు. ఆయిల్ అడుగున బురద పేరుకుని ఉండేది. "ఇదంతా దాని గుండెల్లోకి పొయ్యేది" అనేవాడు. అప్పట్లో అది నాకు చాదస్తంలా కనపడేది. మాకు పిడుగురాళ్ళ అంటే సున్నం బట్టీలు, దాచేపల్లి అంటే సున్నపురాయి, మాచర్ల రోడ్డంటే సిమెంటు లారీలు. చెట్ల ఆకులే తెల్లగా ఉండే దారిలో గాలితో పాటు ఏమొస్తుందో ఆయనకి తెలుసు.

నిజానికి ఆ డబ్బాలో ఇంకోటి కూడా ఉంటుంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. పిస్టన్ రింగుల పక్కనుంచి కొంత వాయువు కిందికి, క్రాంక్ కేసులోకి జారుతుంది. సగం కాలిన పెట్రోల్, ఆయిల్ ఆవిరి కలిసిన కంపు అది. దాన్ని బయటికి వదలకుండా ఒక చిన్న రబ్బరు పైపు ఎయిర్ బాక్స్‌లోకి తెస్తుంది, ఇంజన్ దాన్ని మళ్ళీ పీల్చి కాల్చేస్తుంది. కార్లకి ఈ ఏర్పాటు ఉండి తీరాలని కాలిఫోర్నియా 1961లో ఆదేశించింది. అమెరికాలో బండి పొగ మీద వచ్చిన తొలి కట్టడి ఇదే. గరాటు ఫిల్టర్ బిగించిన చాలా బళ్ళలో ఈ పైపు గాల్లో వేలాడుతూ కనపడుతుంది. నా బండికి కూడా వేలాడింది. దానివల్ల బండి నడిపేవాడికి ఏ నష్టమూ లేదు. అది పెట్టింది వాడికోసం కాదు గదా. వెనక సైకిల్ మీద వచ్చేవాడి కోసం.

"నా బండి, నా ఇష్టం" అన్న మాట నాకు ఇక్కడ అడ్డం పడుతుంది. డబ్బు పెట్టి కొన్నాను, నిజమే. కొన్నదాంట్లో కొన్ని భాగాలు నా కోసం పెట్టినవి. నా ఇంజన్ అరిగితే నేనే బోర్ చేయించుకుంటాను అంటే ఎవరికీ అభ్యంతరం ఉండక్కర్లేదు. కొన్ని మాత్రం బండి మీద లేనివాళ్ళ తరఫున పెట్టినవి. వాటిని నేను కొన్నానా, లేక వాళ్ళ వాటా నా దగ్గర ఉంచారా?

చట్టం దీన్ని సులువుగా తేల్చేసింది. కంపెనీ ఇచ్చిన అసలు ప్రమాణాలకి భిన్నంగా బండిని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో చెప్పింది. అదే ఏడాది మోటారు వాహనాల చట్టానికి చేసిన సవరణలో 182ఏ సెక్షన్‌ని మార్చి రాశారు. అనుమతి లేని మార్పు ఒక్కోదానికి ఐదు వేల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. ఈ చట్టంతో నాకు పూర్తి సఖ్యత లేదు. కంపెనీ చేసిందే ప్రమాణం అనడానికి నాకు నోరు రాదు. వోక్స్‌వాగన్ సంగతి 2015 సెప్టెంబర్‌లో బయటపడింది. పరీక్ష జరుగుతోందని కనిపెట్టి ఆ కాసేపు శుభ్రంగా నడిచి, రోడ్డెక్కగానే నైట్రోజన్ ఆక్సైడ్లు పరిమితికి నలభై రెట్ల దాకా వదిలే సాఫ్ట్‌వేర్, ప్రపంచం మొత్తం మీద కోటీ పది లక్షల కార్లలో. ఆ కోడ్ రాసింది మా వృత్తివాళ్ళే. అదీ కాక, ట్రాలీకి రేకులు వెల్డింగ్ చేయించి మిర్చి బస్తాలకి తగ్గట్టు మార్చుకునే రైతుని, ఎర్ర గరాటు కుర్రాణ్ణి ఒకే గాటన కట్టడం నాకు నచ్చదు. యంత్రాన్ని విప్పి చూసే చెయ్యి మంచిదే. ఆ చేతి వల్లే నేను ఇంజినీర్నయ్యాను.

పవర్ పెంచడం తప్పు అనడం లేదు. స్విట్జర్లాండ్‌కి చెందిన ఆల్‌ఫ్రెడ్ బుషి 1905లో టర్బోకి పేటెంట్ తీసుకున్నాడు. సైలెన్సర్ గుండా వృథాగా పోయే వేడి పొగతోనే చక్రం తిప్పి గాలిని లోపలికి నెట్టే ఉపాయం. పారేస్తున్నదాంట్లోంచి తీసుకున్న బలం అది. గరాటు ఫిల్టర్ ఇచ్చే బలం వేరు, అది అప్పు. మిర్చి ఊళ్ళలో పుట్టినవాళ్ళకి అప్పు గురించి వేరే చెప్పాలా? తీసుకున్నది ఎవరు అన్నదానికన్నా, చివరికి ఎవరి మీద పడింది అన్నదే అక్కడ అసలు లెక్క.

2009లో, మూడో సంవత్సరంలో, ఆరొందలు పెట్టి నేను కూడా ఒకటి కొన్నాను. దాన్ని కడిగాక ఆరబెట్టి, ప్రత్యేకమైన ఆయిల్ పట్టించి బిగించాలి. నేను పెట్రోల్‌తో కడిగి పొడిగానే బిగించేవాణ్ణి. అట్టా ఏడాది పిడుగురాళ్ళ రోడ్డు మీద తిరిగాను. తర్వాత సైలెన్సర్ నుంచి నీలం పొగ మొదలైంది, ఆయిల్ తగ్గిపోతోంది. మెకానిక్ ఫిల్టర్ పీకి, కార్బ్యురేటర్ గొంతులో వేలు పెట్టి తిప్పి, ఆ వేలిని బొటనవేలితో రుద్ది చూపించాడు. గరగరలాడింది. "ఇసక తాగింది అబ్బాయ్ నీ బండి. బోర్ చేపియ్యి, లేకపోతే దారిలో కూర్చుంటది" అన్నాడు.

నేను బోర్ చేయించలేదు. అప్పటికి హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చింది. పాత ఎయిర్ బాక్స్ మళ్ళీ బిగించాను. చిక్కటి ఆయిల్ పోస్తే కొన్నాళ్ళు పొగ కనపడదని హాస్టల్లో అందరికీ తెలిసిన సంగతే, అదీ పోశాను. గురజాల వైపు ఊరి నుంచి ఒకాయన బావమరిదిని తోడు తెచ్చుకుని వచ్చాడు. పాలు పోస్తాడట, రోజూ తెల్లారే క్యాన్లు కట్టుకుని వెళ్ళాలి. టైర్లు నొక్కి చూశాడు, స్టార్ట్ చేసి చెవి పెట్టి విన్నాడు. "ఇంజన్ ఎప్పుడైనా విప్పారా అబ్బాయ్?" అనడిగాడు.

"విప్పలేదన్నా" అన్నాను.

అక్షరాలా నిజం. విప్పాల్సింది, విప్పలేదు. ఇంజన్ విప్పని బండి అంటే మంచి బండి అని ఆయన లెక్క. ఆ లెక్క తెలిసే నేను ఆ నిజం చెప్పాను. ధర్మరాజు రథం నేలని తాకింది అబద్ధానికి కాదు, ఇట్టాంటి నిజానికే అనుకుంటాను. ఆయనకి కనీసం యుద్ధం అనే సాకు ఉంది. నేను మిగుల్చుకున్నది ఒక రీబోర్ ఖర్చు.

నాకు పొగ కనపడుతుంది, చప్పుడు వినపడుతుంది. వెనక సైకిల్ మనిషి అద్దంలో కనపడతాడు. ఇంజన్ గోడల మీద గీతలు పడుతున్నప్పుడు మాత్రం ఆ పాలాయన ఇంకా నా కథలో లేడు. నేను హ్యాండిల్ పూర్తిగా తిప్పిన ప్రతిసారీ, ఏడాది తర్వాత రాబోయే మనిషి ఇంజన్ని నడిపాను.

ఇదంతా మావాడికి చెప్పలేదు, సగం చెప్పాను. "పెరుగుద్ది రా, కొంచెం. హ్యాండిల్ మొత్తం తిప్పితేనే. ఆ రబ్బరు పైపు మాత్రం వేలాడదియ్యకు" అన్నాను. వాడు కాసేపు ఆలోచించి, "నీ పాత బండి ఏమైంది బాబాయ్?" అన్నాడు.

అమ్మేశానన్నాను. ఎవరికి అంటే ఆ ఊరు పేరు చెప్పాను. మనిషి పేరు గుర్తులేదు. గురజాల మీదుగా వెళ్ళినప్పుడల్లా, పాల క్యాన్లు కట్టిన పాత ఏపీ 07 బండి ఏదైనా ఎదురొస్తే దాని సైలెన్సర్ వైపు చూస్తాను.